చేతిపని, చేతిలెక్క: తపతీతీరమున ఒక విద్యాచరిత్ర

1938 ఫిబ్రవరి నెలలో, సూరత్ జిల్లా బార్డోలీ తాలూకాలోని హరిపురా అను చిన్న గ్రామమున, తపతీనది యొడ్డున, భారత జాతీయ మహాసభ 51వ సమావేశము జరిగినది. అధ్యక్షుడైన సుభాస్ చంద్రబోసును 51 ఎడ్లు పూన్చిన రథముపై ఊరేగించిన వైభవమును, వెదుళ్లతోను తడికలతోను లేచి నిలిచిన విఠల్‌నగరమును, దాని నలంకరించుటకై నందలాల్ బోసు చేతికాగితముపై మట్టిరంగులతో వ్రాసిన చిత్తరువులను, వానియందు కనబడు డోలు వాయించువారిని, దర్జీలను, ధాన్యము దంచు స్త్రీలను చరిత్రకారులు పలుమార్లు వర్ణించియున్నారు. అయితే ఆ సభ ఆమోదించిన తీర్మానములలో విద్యనుగూర్చినది యొకటి కలదు. రాజకీయ కోలాహలమున దాని పేరు వెనుకబడినది. బాలబాలికలకు 7 సంవత్సరములు ఉచిత నిర్బంధవిద్య నొసగవలెననియు, అది మాతృభాషలో జరుగవలెననియు, చదువంతయు ఉత్పాదకమైన ఒక చేతిపనిని కేంద్రముగా గొని అల్లుకొనవలెననియు ఆ తీర్మానము నిర్దేశించెను.

ప్రపంచ వనరుల వినియోగమునందు ధర్మాధర్మములను విద్యార్థులకు బోధించుట యెట్లు అను ప్రశ్న నేడు సర్వదేశములలోను వినబడుచున్నది. ఇది నిన్నమొన్న పుట్టిన ప్రశ్న కాదనియు, దానికొక సమాధానమును ఈ దేశము సూరత్ పరిసరములలోనే ఆచరించి చూచినదనియు చెప్పుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. మన చేతికి వచ్చిన వస్తువు ఎక్కడనుండి వచ్చినది? దానియందు ఎవరి శ్రమ ఇమిడియున్నది? వాడి పారవేసిన పిమ్మట అది ఎవరి వాకిట చేరును? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవాడే వనరుల విషయమున ధర్మము నెరిగినవాడు. ఈ జవాబులు ఉపన్యాసములవలన అలవడవు. లెక్క కట్టుట వలన అలవడును, ఆ లెక్క చేతితో పని చేసినవానికే చక్కగా బోధపడును.

ఈ మూడు ప్రశ్నలను మరచుటవలన ఎంత సంపద పెరుగగలదో, ఎంత అన్యాయము జరుగగలదో తెలుపుటకు సూరత్ చరిత్రకంటె స్పష్టమైన నిదర్శనము లేదు. మొగలుల కాలమున మక్కాయాత్రికులు ఓడలెక్కిన రేవు అది. 1613లో జహంగీరు ఫర్మానాతో ఆంగ్లేయులు అచట స్థిరముగా గిడ్డంగి నెలకొల్పిరి. అంతకు రెండేండ్లు ముందుగానే, 1611లో, వారు మన మచిలీపట్టణమున దిగియుండిరి. పశ్చిమమున సూరత్, తూర్పున బందరు: ఈ రెండు రేవులనుండియు వస్త్రములు దేశదేశములకు సాగిపోయెను. కృష్ణాతీరమున కొల్లూరు గనులలో తెలుగుకూలీలు త్రవ్విన వజ్రములను వెదకుచు వచ్చిన ఫ్రెంచివర్తకుడు తావెర్నియే సైతము సూరత్ మార్గముననే రాకపోకలు సాగించెను. కొల్లూరు గనులు ఏనాడో పాడుపడినవి. సూరత్ మాత్రము నేడు ఆఫ్రికానుండియు రష్యానుండియు వచ్చు ముడివజ్రములను సానబట్టుచు, ప్రపంచమున సానదేరు వజ్రములలో అత్యధికభాగమును తన వీథులలోనే మెరుగుపెట్టుచున్నది. గని మారినను, త్రవ్వువాని పేరు కొనువానికి తెలియకుండుట మాత్రము మారలేదు.

పత్తి కథ ఇంతకంటెను బోధకరమైనది. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగి దక్షిణరాష్ట్రముల రేవులు దిగ్బంధితములు కాగా, ఇంగ్లండులోని లంకషైరు మిల్లులకు పత్తి కరవై, వేలకొలది కార్మికులు పస్తులుండిరి. అప్పుడు మనదేశమునుండి ఎగుమతియైన పొట్టిపింజ పత్తికి లంకషైరున 'సూరత్' అనునదే పేరు. అది మరలపై మాటిమాటికి తెగిపోవుచుండగా, నేసినదానినిబట్టి కూలి పుచ్చుకొను ఆ కార్మికులు ఆ పేరు వినిన చాలు, ఏవగించుకొనిరి. ఇచ్చట నల్లరేగడి చేలలో ధరలు చూచి ఆశపడి పత్తి విత్తినవారు, యుద్ధము ముగిసి 1865లో ధర పడిపోగానే అప్పులలో మునిగిరి. అమెరికాలోని బానిస, లంకషైరులోని కార్మికుడు, పశ్చిమభారతములోని రైతు ఒకే నూలుపోగునకు కట్టుబడియుండియు ఒకరినొకరు ఎన్నడును చూచుకొని యెరుగరు. వనరుల వినియోగము ప్రపంచవ్యాప్తమగుట యనగా నేమో పిల్లలకు చెప్పదలచిన ఉపాధ్యాయునకు ఈ ఒక్క పత్తి చరిత్రయే చాలును.

తపతికి దక్షిణమునగల అటవీగ్రామములలో ఆ కాలమున మరియొక విధమైన మరపు రాజ్యమేలుచుండెను. భూస్వాముల పొలములలో హాలీలనబడు పాలేర్లు పెండ్లికై చేసిన అప్పునకు తరతరములుగా కట్టువడి పనిచేయుచుండిరి. గిరిజనులు కల్లుదుకాణములకును వడ్డీవర్తకులకును లోబడి తమ భూములను పోగొట్టుకొనుచుండిరి. 1925 జనవరిలో వేడ్ఛీ గ్రామమున జరిగిన గిరిజనుల మహాసభకు గాంధీ వచ్చి, రాట్నమును మద్యపాన విసర్జనమును ఉపదేశించెను. ఆ వేడ్ఛీలోనే జుగత్‌రామ్ దవే ఆశ్రమవిద్యను తన జీవితవ్రతముగా చేసికొని, గిరిజన బాలబాలికలతో కలిసి జీవించుచు, పొలము, రాట్నము, వంటశాల, పారిశుద్ధ్యము అనువానినే పాఠ్యగ్రంథములుగా చేసెను. తరువాతికాలమున గుజరాతులో వ్యాపించిన ఆశ్రమశాలలకు ఆ వేడ్ఛీ ఒక ఒరవడి అయినది.

1928లో బార్డోలీ రైతులు సుమారు 22 శాతము పెంచిన భూమిశిస్తును చెల్లింపమని వల్లభభాయి పటేలు నాయకత్వమున నిలిచి, విచారణ జరిగిన పిమ్మట ఆ పెంపును సుమారు 6 శాతమునకు తగ్గించుకొనిరి. ఆ విజయమునకు మూలమును వెదకినచో, ఊరూర పంట విలువ, ఖర్చు, మిగులు అనువానిని లెక్కించి చూపిన శ్రద్ధయే కానవచ్చును. ఆ సంవత్సరాంతముననే గాంధీ 'యంగ్ ఇండియా' పత్రికలో, ఒక చిన్న ద్వీపదేశము సాగించు ఆర్థికదోపిడియే లోకమును బంధించియుండగా, కోట్లకొలది జనముగల భారతదేశము అదే దారి పట్టినచో మిడుతలదండువలె భూమిని ఒట్టిపోజేయునని హెచ్చరించెను. పర్యావరణమను మాట జనుల నోట నాడుటకు అనేకదశాబ్దములు ముందు పలికిన హెచ్చరిక అది. మరుసటి యేడు గుజరాత్ విద్యాపీఠమున అధ్యాపకుడైన జె. సి. కుమారప్ప విద్యార్థులను వెంటబెట్టుకొని ఖేడా జిల్లా మాతర్ తాలూకా గ్రామములకు వెళ్లి, ఇల్లిల్లు తిరిగి ఆదాయవ్యయములు వ్రాయించెను. 1945లో వెలువడిన 'శాశ్వత ఆర్థికవ్యవస్థ' అను ఆయన గ్రంథమునకు బీజములు ఆ తిరుగుటలోనే పడినవని చెప్పదగును.

ఈ అనుభవములన్నియు ప్రవహించి 1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధా విద్యాపరిషత్తున ఒకచోట చేరెను. జాకీర్ హుసేను అధ్యక్షతన ఏర్పడిన ఉపసంఘము ఆ డిసెంబరులోనే నివేదిక సమర్పించినది. రెండునెలలకు హరిపురా సభ ఆ విధానమును స్వీకరించినది. 1938లోనే సేవాగ్రామమున హిందుస్తానీ తాలీమీ సంఘము వెలసినది. ఈ విధానమునకు 'నయీ తాలీమ్' అనియు, మూలవిద్య యనియు పేర్లు వ్యాపించినవి.

ఈ విద్య తరగతిగదిలో ఎట్లు నడిచెడిదో కొంచెము నిలిచి చూచుట అవసరము. పిల్లవాడు ముందుగా పత్తిని చేతబట్టి గింజ తీసి, దూది ఏకి, ఏకులు చుట్టి, తకిలీపై నూలు వడకును. వడకిన నూలును చుట్టి చిలపలుగా కట్టును. 840 గజముల చిలపలు ఒక పౌను బరువునకు ఎన్ని తూగునో అది ఆ నూలు నెంబరు. 20 నెంబరు నూలనగా ఒక పౌను దూదిలో 16,800 గజముల దారము. ఈ ఒక్క లెక్కలో గుణకారము, భాగహారము, తూనిక, కొలత కూడ ఇమిడియున్నవి. పత్తిమొక్క ఏ నేలలో పెరుగును, ఎంత వాన కోరును అని అడిగినచో ప్రకృతిశాస్త్రము. ఆ పత్తి ఏ రేవునుండి ఏ దేశమునకు పోయెడిది అని అడిగినచో చరిత్రయు భూగోళమును. ఏకుటలో ఎంత దూది వ్యర్థమైనది అని అడిగినచో నీతిశాస్త్రము. తన చేతినుండి జారిన వ్యర్థమును తానే తూచి చిట్టాలో వ్రాయవలసిన బాలునికి, వస్తువును పాడుచేయుట తప్పని వేరుగా చెప్పనక్కరలేదు. ఒక గజము గుడ్డకు ఎన్నిగంటల శ్రమ పట్టినదో తన వ్రేళ్లు ఎరిగియున్న బాలిక, ఆ గుడ్డను చవుకగా కొనగోరువాని యాశలో ఎవరి ఆకలి దాగియున్నదో తానే గ్రహింపగలదు.

ఈ పద్ధతిలోని అపాయమును దాని నిర్మాతలే మొదట గుర్తించిరి. పిల్లలు చేసిన వస్తువులను అమ్మి ఉపాధ్యాయుల జీతము రాబట్టవలెనను గాంధీ యాశయమునందు, బడి కాస్త కార్ఖానాగా మారి పేదపిల్లల శ్రమను పిండుకొను ప్రమాదము కలదని పలువురు శంకించిరి. ఆర్థికదృష్టి మితిమీరి విద్యాప్రయోజనము చెడగూడదని జాకీర్ హుసేను సంఘము సైతము తన నివేదికలో స్పష్టముగా హెచ్చరించెను. ఆ హెచ్చరిక నేటికిని శిరోధార్యము. పని పిల్లవాని జ్ఞానము కొరకు ఉండవలెనే గాని, పిల్లవాడు పని కొరకు ఉండరాదు. మన ఆంధ్రదేశమునకు ఈ తత్త్వము క్రొత్తది కాదు. వార్ధాకు 27 ఏండ్లు ముందే, 1910లో, కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించి, చదువుతోపాటు చేతిపనులు నేర్పించిరి. విదేశవర్తకమునకు వాకిళ్లైన రెండు రేవుల ప్రాంతములును స్వదేశవిద్యకు కూడ పుట్టినిండ్లగుటకు కారణము ఒకటే: దూరదేశపు బజారునకు పనిచేసి చితికిపోయిన చేతుల బాధను ఆ రెండు ప్రాంతములును ప్రత్యక్షముగా చూచినవి.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఈ విద్యకు ప్రభుత్వాదరము మాటలలో పెరిగి చేతలలో తరిగెను. గాంధీ కార్యదర్శి మహాదేవ దేశాయి కుమారుడైన నారాయణ దేశాయి వేడ్ఛీకి వచ్చి నయీ తాలీమ్ పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. గుజరాతులో ఉత్తరబునియాదీ (మూలవిద్యోత్తర) పాఠశాలలు కొన్ని నేటికిని నడుచుచున్నవి. కాని పట్టణముల తలిదండ్రులు పరీక్షలనే కోరిరి. 1964–66 నాటి కొఠారీ సంఘము 'పనియనుభవము' అను పేరిట ఆ ఆశయములో కొంతభాగమును నిలుపజూచినను, అది కాలక్రమమున వారమునకొక గంట తోటపనిగా కుదించుకొనిపోయెను.

ఇంతలో తపతి స్వరూపమే మారిపోయినది. కాక్రాపార్ ఆనకట్టయు, 1972లో పూర్తియైన ఉకాయ్ జలాశయమును బార్డోలీ పొలములను చెరకుతోటలుగా మార్చినవి. సహకార చక్కెరకర్మాగారములు రైతులను సంపన్నులను గావించినవి. ఆ జలాశయమున మునిగిన గ్రామములలో అధికభాగము గిరిజనులవే. చెరకు నరకుటకు ఏటేట కొండప్రాంతములనుండి కుటుంబములతో వలసవచ్చు కూలీలు పొలములప్రక్క తాత్కాలికముగా గుడిసెలు వేసికొని, పంటకాలము ముగియగానే తిరిగిపోవుచున్నారు. వారివెంట వచ్చిన పిల్లలు బడికి దూరమగుచున్నారు. కాక్రాపార్ వద్దనే 1990ల దశకారంభమున అణువిద్యుత్కేంద్రము పనిచేయ మొదలిడెను. దానికి ముందే, 1987లో, సురేంద్ర గాడేకర్ సంపాదకత్వమున వేడ్ఛీ నుండియే 'అణుముక్తి' అను పత్రిక వెలువడి, అణుశక్తి వలని మేలుకీళ్ల లెక్కను సామాన్యులకు విప్పి చెప్పెను. నూలు చిలపలను లెక్కించిన ఊరు విద్యుత్తు లెక్కను కూడ అడుగుట ఆశ్చర్యము కాదు.

ఇక నగరమున జరిగినది వేరు. సూరత్ సాంచాల, అనగా మరమగ్గముల, పట్టణమైనది. వరంగల్లు, నల్లగొండ, కరీంనగర్ ప్రాంతముల పద్మశాలీలు, ఒరిస్సా కార్మికులు, ఖాందేశ్ మరాఠీలు లింబాయత్, ఉధ్నా మొదలగు పేటలలో ఇరుకుగదులలో కాపురముండి పగలురేయి మరమగ్గములు నడిపిరి. పత్తినూలు స్థానమున భూగర్భతైలమునుండి తీసిన కృత్రిమనూలు వచ్చినది. జనము పెరిగినంత వేగముగా మురుగుకాలువలు పెరుగలేదు. 1994 సెప్టెంబరులో, తపతీవరదలు తీసిన పిమ్మట, ఊపిరితిత్తుల ప్లేగు వచ్చెనను వార్తకు లక్షలాది జనులు నగరమును విడిచి రైళ్లకు పరుగిడిరి. 50 మందికి పైగా మరణించిరి. పారవేసిన చెత్త ఎవరి వాకిట చేరును అను మూడవ ప్రశ్నకు నగరమంతయు ఒక్కమారుగా జవాబు చెప్పుకొనవలసివచ్చెను.

1995లో నగరపాలక కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు ఆ జవాబును కార్యరూపమున చూపెను. అధికారులను ప్రతిదినము ఉదయము వీథులలో తిరుగునట్లు నియమించి, నగరమును మండలములుగా విభజించి ఆయా అధికారులకే బాధ్యత నప్పగించి, ధనికపేదభేదము లేకుండ అక్రమకట్టడములను తొలగింపజేసి, హోటళ్ల పారిశుద్ధ్యమును పరీక్షింపజేసి, రెండేండ్లలోపుగానే సూరత్‌ను దేశమునందలి పరిశుభ్రనగరముల పంక్తిలో నిలిపెను. ఆయన విడిచిపోయిన పిమ్మటను ఆ అలవాటు నిలిచియుండుట విశేషము. 2014లో బంరోలీ వద్ద దినమునకు 4 కోట్ల లీటర్ల మురుగునీటిని మూడంచెలుగా శుద్ధిచేసి పాండేసరా పారిశ్రామికవాడకు అమ్ము కేంద్రము నెలకొల్పబడినది; అద్దకపు మిల్లులు వాడవలసిన నదినీరు మిగిలినది. 2023 స్వచ్ఛసర్వేక్షణమున సూరత్ ఇండోరుతో సమముగా ప్రథమస్థానము పొందినది.

అయినను పాఠము ముగియలేదు. 2006 ఆగస్టులో ఉకాయ్ నుండి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు విడువబడి నగరమున అధికభాగము మునిగినది. సేద్యమునకును విద్యుత్తునకును జలాశయము నిండియుండవలెను. వరద నాపుటకు అది వెలితిగా నుండవలెను. ఒకే నీటిపై ఇందరికి హక్కు గలదని తెలిసినప్పుడు, ఎవరి యక్కరకు ఎంత విలువ కట్టవలెనను ప్రశ్న యంత్రశాస్త్రమునే గాక ధర్మశాస్త్రమును కూడ కదలించును. 2022 జనవరిలో సూరత్‌లోని సచిన్ పారిశ్రామికవాడలో, ఒక టాంకరు నుండి కాలువలోనికి దొంగచాటుగా వదలిన రసాయనవ్యర్థము విషవాయువై, ప్రక్కనున్న మిల్లులోని కార్మికులు ఆరుగురు ప్రాణములు గోల్పోయిరి. శుభ్రమైన నగరమున కూడ ఎవరో ఒకరు ఇతరుల వ్యర్థమునకు మూల్యము చెల్లించుచునే యున్నారు.

ఇప్పుడు విద్య వంక మరలి చూతము. 1977లో త్బిలిసీ నగరమున జరిగిన ప్రపంచసమావేశము పర్యావరణవిద్యకు లక్ష్యములు నిర్దేశించెను. 1984లో అహమ్మదాబాదున పర్యావరణవిద్యాకేంద్రము స్థాపితమయ్యెను. 1991లో సర్వోన్నతన్యాయస్థానము ఎం. సి. మెహతా వ్యాజ్యమున ఆ విద్యను అన్ని తరగతులలో తప్పనిసరి చేయవలెనని ఆదేశించి, 2003లో దానిని అమలుపరచుమని మరల నొక్కిచెప్పెను. 2007లో నాల్గవ అంతర్జాతీయ పర్యావరణవిద్యా సమావేశము అహమ్మదాబాదుననే జరిగెను. పాఠ్యపుస్తకములు వచ్చినవి, పరీక్షలు వచ్చినవి. అయితే చెట్లు నాటుమనియు, నీరు పొదుపు చేయుమనియు కంఠస్థము చేసి వ్రాసి నూటికి తొంబది మార్కులు తెచ్చుకొన్న బాలుడు, తన తొడుగు చొక్కా ఏ నూలుతో నేయబడినదో చెప్పలేకపోవుచున్నాడు. ఉపదేశము మిగిలినది, లెక్క పోయినది. మన పర్యావరణవిద్య బలహీనపడుటకు మూలకారణ మిదియే.

సూరత్ మహానగరపాలిక గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒరియా మాధ్యమములలోను, మన తెలుగు మాధ్యమమునను ప్రాథమికపాఠశాలలు నడుపుచున్నది. మాతృభాషలో చదువవలెనను హరిపురా సూత్రము వలసకార్మికుల పిల్లల విషయమున ఈ విధముగా నైనను నెరవేరుచున్నందుకు మనము సంతసింపవలెను. ఆ బడులలో కూర్చున్న పిల్లలు పలువురు సాంచాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినవారు. పడుగు, పేక, కండె అను మాటలు వారికి నిఘంటువులో వెదకవలసినవి కావు. వారి ఉపాధ్యాయులు ఒక చీరను పాఠముగా తీసికొందురు గాక. ఆ నూలుకు మూలమైన తైలము ఏ దేశపు నేలలోనిది? దానిని నేసిన తండ్రికి గజమునకు ఎంత కూలి గిట్టినది? ఎన్నిగంటలు ఆయన నిలువుకాళ్లపై నున్నాడు? అద్దకమునకు ఎన్ని కడవల నీరు పట్టినది, ఆ నీరు ఏ కాలువలో కలిసినది? అంగడిలో దాని వెల ఎంత, ఆ వెలలో ఎవరి భాగము ఎంత? చిరిగిన పిమ్మట అది మట్టిలో కలియునా, కలియదా? ఈ లెక్కను ఒక సంవత్సరము శ్రద్ధగా వ్రాసిన తరగతి, ప్రపంచ వనరుల నీతినిగూర్చి పెద్దలకే పాఠము చెప్పగలదు.

ఇందులకు వేరుగా నిధులు అక్కరలేదు, క్రొత్త పాఠ్యప్రణాళికయు అక్కరలేదు. గణితపు గంటలోనే ఆ లెక్కకు చోటుకలదు. కావలసినది ఉపాధ్యాయునియందు విశ్వాసము. పిల్లల తల్లిదండ్రుల పనిని పాఠశాల గౌరవింపగల సంస్కారము. ఆ సంస్కారము లేనిచోట, కూలివాని బిడ్డకు చదువు తన యింటి బ్రదుకును మరచుటకై నేర్పు విద్యగా పరిణమించును. కలిగినబిడ్డకు కూడ ఈ లెక్క సమానముగా అవసరము. వస్తువులను హెచ్చుగా వాడువాడు అతడే గనుక. హరిపురా తీర్మానము మనకు విడిచిపోయిన బాధ్యత ఇదియే: బాలుని చేతికి ముందుగా పని, పిదప ఆ పని లెక్క, ఆ లెక్కవలన తోటిమనుష్యుని యెడ కర్తవ్యము. ఈ క్రమము తలక్రిందులైనంతకాలము పర్యావరణవిద్య పేరునకే విద్యగా నుండును. ఈ క్రమమును తిరిగి నిలబెట్టిన ప్రతి బడియు, అది సూరత్‌లోనున్నను, సిరిసిల్లలోనున్నను, బందరులోనున్నను, దేశమునకు నిజముగా ఉపకరించిన బడియగును.